అవ్వ పేరున్న సీసా

"సీసాలు తేలినయి బిడ్డా!"

హలో లేదు, ఎట్లున్నారు లేదు. ఫోన్ ఎత్తగానే మామయ్య అన్న మొదటి మాట అదే. శుక్రవారం సాయంత్రం నల్గొండలో మా కిరాయి ఇంటి వంటగదిలో ఉన్నాను. పెళ్లికి వచ్చిన స్టీలు డబ్బాల్లో పెసరపప్పు ఎందులో పోశానో గుర్తులేక ఒక్కొక్కటీ ఊపి చూస్తున్నాను. మామయ్య మామూలుగా నాతో ఫోన్లో ఎక్కువ మాట్లాడరు. "వాడున్నడా? సరే" అని పెట్టేస్తారు. ఆ రోజు మాత్రం ఆయన గొంతు పదో తరగతి పాసైన పిల్లవాడి గొంతులా ఉంది.

"ఏ సీసాలు మామయ్యా?"

"ఏ సీసాలేంది, మన సోడా సీసాలు! మన పాత కార్ఖాన జాగల ఫంక్షన్ హాలు కడుతున్నరు గద. పునాదులకు జేసీబీ పెట్టిన్రు. వెనకదిక్కు తవ్వంగనే గల్లుమన్నదట. బొంద నిండ గాజే అంటున్నడు డేవిడ్ మేస్త్రి. వానికి చెప్పు జల్ది!"

వాడంటే మా ఆయన నరేష్. స్నానం చేస్తున్నాడు. తలుపు కొట్టి చెప్పాను. లోపల చెంబు కిందపడి దొర్లిన చప్పుడైంది.

"ఒట్టు?"

"ఒట్టు."

తలుపు సందులోంచి సబ్బు నురగ నిండిన తల ఒకటి బయటికి వచ్చింది. "అవ్వకు చెప్పిన్రా?" అని అడిగిందా తల. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఆ నురగ కొంచెం తీసి దాని ముక్కుకు పూశాను. మాఘమాసంలో పెళ్లయిన వాళ్లం. అప్పట్లో మాకు ప్రతిదీ నవ్వే.

నరేష్‌కు పాత గాజు సీసాల పిచ్చి. పనిచేసేది కలెక్టరేట్‌లో. సెలవు దొరికితే చాలు, ఎక్కడో ఒక పాత చెత్తదిబ్బ దగ్గర చేతిపారతో కూర్చుంటాడు. జడ్చర్లలో మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చినప్పుడు, అమ్మాయితో ఏమన్నా మాట్లాడతావా అని పెద్దలు అడిగితే తలూపి, నన్నడిగిన మొదటి ప్రశ్న "మీ ఊళ్లో పాత పెంటకుప్పలు ఉన్నయా?" మా నాయన ముఖం చూడాల్సింది. నేను మాత్రం ఆలోచించి, "పాత రైసు మిల్లు వెనక ఒకటుంది" అన్నాను. అతని కళ్లు వెలిగిన తీరు చూసి, ఈ సంబంధమే ఖాయం అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంటి కిటికీ గట్టు మీద చోటే లేదు. సిరా బుడ్లు, దవాఖానల నుంచి వచ్చిన మందు సీసాలు, పక్కన మోతాదు గీతలున్నవి, తలనూనె సీసాలు. పొద్దున్నే ఎండ వాటిలోంచి దూరి గోడ మీద లేత నీలం, లేత ఆకుపచ్చ మచ్చలు వేస్తుంది. చాయ్ చల్లారిపోయేదాకా నేను వాటినే చూస్తూ కూర్చుంటాను. ఒకప్పుడు వీటిని తాగి, పూసుకుని, పారేసిన మనుషులెవరో, ఆ రోజు వాళ్లకు జ్వరమో, పెళ్లో, పరీక్షో.

నరేష్ ఎన్ని సీసాలు తవ్వినా ఒక్కటే వెతుకుతున్నాడని నాకు పెళ్లయిన వారానికే తెలిసింది. అది వాళ్ల అవ్వ సీసా.

ఆలేరు స్టేషన్ పక్కన నరేష్ వాళ్ల తాత రఘుపతి గారికి సోడా కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్దదేం కాదు, ఒక రేకుల షెడ్డు, చేత్తో తిప్పే మిషను, గ్యాసు సిలిండరు, నీళ్ల తొట్టి. గోలి సోడా చేసేవారు. సీసా మెడ నొక్కినట్టుంటుంది. లోపల ఒక గాజు గోలి. గ్యాసు ఆ గోలిని పైకి నెట్టి మూతికి బిగబట్టి ఉంచుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే కుయ్యిమని కూసి సోడా పొంగుతుంది. పాసింజరు బండి ఆగగానే పిల్లలు బకెట్లలో సీసాలు పెట్టుకుని పెట్టెపెట్టెకూ పరుగెత్తేవారట. బండి కదిలితే కొన్ని సీసాలు దాంతోపాటే పోయేవి. అట్లాగే వేరే స్టేషన్లలో ఎక్కిన సీసాలు ఇక్కడ దిగేవి. నరేష్ బాపు, అంటే మా మామయ్య లింగస్వామి గారు, పాకే వయసులో ఉండగానే కార్ఖానా మూతపడింది. తాత కూడా ఎప్పుడో పోయాడు. జాగా చేతులు మారింది. చూద్దామంటే ఇంట్లో ఒక్క సీసా లేదు.

అవ్వ పేరు నిర్మలమ్మ. ఆ సీసాల మీద తన పేరుండేదని ఆమె చెబుతుంది. పెళ్లయిన కొత్తలో తాత ప్రత్యేకంగా పోత పోయించి రైల్లో తెప్పించాడట. ఎవరూ నమ్మరు. "ఆ కాలంల పెండ్లాం పేరు సీసా మీద రాయించిన మొగోడెవడే అమ్మా!" అని కొడుకే అందరికంటే ఎక్కువ నవ్వేవారు. ఆ ఇంట్లో ఎవరైనా గొప్పలు పోతే "ఇది అవ్వ సీసా ముచ్చటే" అనడం అలవాటు. నాకూ భక్షాలు చేయడం వచ్చని నేనన్న రోజు, మా అత్తమ్మ స్వరూప గారు నవ్వి, "గిదీ అవ్వ సీసా లెక్కనే ఉన్నది" అన్నారు. అందరితోపాటు అవ్వా నవ్వింది. కానీ చిక్కుడుకాయలు తుంచుతున్న ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఆ సాయంత్రం ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు సదువుకున్న పిల్లవు. నాకు సదువు రాదు. కొత్త సీసాలు దిగినరోజు మీ తాత నా వేలు పట్టి అచ్చరాల మీద తిప్పిండు. ఇది నీ పేరు అన్నడు. పిల్లలు సదువు నేర్చేసరికి ఒక్క సీస మిగలకపాయె. వీళ్లు నవ్వుతరు, నవ్వనియ్యి. నాకొక్కటే. ఆయన నాతోని అబద్ధమాడిండంటవా?"

"ఆడరు అవ్వా," అన్నాను. నా పెళ్లయి అప్పటికి పక్షం కూడా కాలేదు. ఏ మొగుడూ ఏ పెళ్లానికీ అబద్ధం చెప్పడని ఒట్టేసి చెప్పగల రోజులవి.

శనివారం చీకటితోనే బండి మీద బయల్దేరాం. ఒక గోనెసంచి, చేతిపార, గడ్డపార, పాత టూత్‌బ్రష్షులు, నేను. చిట్యాలలో ఆగి చాయ్ తాగాం. "నువ్వు కూడా మట్టిల కూసుంటవా?" అని నరేష్ అప్పటికి చాలాసార్లు అడిగాడు. నేను వృక్షశాస్త్రం చదివినదాన్ని, మట్టి నాకు కొత్తా? అదీకాక ఆయనతో ఎక్కడికి పోయినా నాకు తిరుణాలకు పోయినట్టే ఉండేది. వలిగొండ దాటాక ఎండ వీపు మీద పడింది. ఆయన వీపుకు తల ఆనించి, సీసా దొరికితే అవ్వ ముఖం ఎట్లుంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాను.

మేం వెళ్లేసరికి మామయ్య అప్పటికే లుంగీ ఎగగట్టి బొంద అంచున నిలబడి ఉన్నారు. డేవిడ్ మేస్త్రి ఎదురొచ్చాడు.

"రా నరేషూ. రామ్మా. మీ కోసం గా మూల ముట్టనీయలే. గని ఒక్క మాట. సోమారం పొద్దుగాల్నే కాంక్రీటు బండ్లొస్తయి. రేపు నేను చర్చికి పోత, పని బంద్. తీసుకునేది ఈలోపల్నే తీసుకోండ్రి. తర్వాత నన్నంటే నేనేం జేయలేను."

బొంద గోడ చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. పైన ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు. కింద నల్లటి బూడిద, బొగ్గు ఇంజన్ల కాలం నాటిది. దాని కింద మన్నూ గాజూ కలగలిసిన పొర. జేసీబీ గీరిన చోట లేత ఆకుపచ్చగా మెరుస్తోంది. నరేష్ మోకాళ్ల మీద కూర్చుని, పసిపిల్ల తల దువ్వినట్టు మెల్లగా మన్ను తీయడం మొదలుపెట్టాడు. దిబ్బ తవ్వేటప్పుడు పార వాడేది పై మట్టికే. గాజు కనబడ్డాక వేళ్లే.

మొదటి సీసా బయటికి వచ్చింది. మూతి లేదు. రెండోదీ అంతే.

"ఎందుకన్నీ మెడకాడ పలిగినయి?" అన్నాను.

"గోలి కోసం!" అన్నారు మామయ్య. "పిలగాండ్లు సీస ఎత్తుకపోయి, మెడ పలగ్గొట్టి గోలి తీసుకునేటోళ్లు. పలిగినయి తెచ్చి ఈడ పారేసేటోళ్లు. మేం గూడ చిన్నప్పుడు గీడ పైపైన ఏరుకునేటోళ్లం. లోపలికి దిగితే కాలు కోసుకుంటమని మా అమ్మ కొట్టేది."

అంటుండగానే ఆయనకొక గోలి దొరికింది. లుంగీ అంచుతో తుడిచి ఎండకు పట్టి చూశారు. అంతే, యాభై దాటిన మా మామయ్య నేల మీద చిన్న గుంట తీసి, కొంత దూరంలో ఇంకో గోలి పెట్టి, మధ్యవేలు వెనక్కి లాగి గురి చూసి కొట్టారు. తగిలింది!

"సూసినవా బిడ్డా! ఇంక పోలే చెయ్యి!"

"బాపూ, మనమొచ్చింది దీనికా?" అన్నాడు నరేష్. అన్నాడే గాని, అయిదు నిమిషాల్లో తనూ గుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఓడిపోయాడు కూడా. మేస్త్రి, ఇద్దరు కూలీలు నిలబడి ఈలలు వేశారు.

మళ్లీ తవ్వకం. చాలా సీసాలు సాదావే, ఒంటి మీద ఏ రాతా లేనివి. అక్కడక్కడ ఒకటి అక్షరాలున్నది తగిలేది. ముందు బ్రష్షుతో మన్ను రాల్చాలి, తర్వాత నీళ్లు చిలకరించాలి. అప్పుడు గాజులోంచి ఉబ్బిన అక్షరం ఒక్కొక్కటే తేలుతుంది. తేలేంతసేపూ ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. మేం వెతుకుతున్నది 'ని' అక్షరం. ఒకటి ఉర్దూ రాత. ఒకటి ఇంగ్లీషు. తర్వాత ఒక తెలుగు సీసా వచ్చింది. మన్ను జారింది.

"కౌసల్య సోడా," అని చదివాడు నీరసంగా.

"జనగామ దిక్కుదై ఉంటది. రైల్ల కొట్టుకొచ్చింది," అన్నారు మామయ్య. "పారెయ్."

మూతి పగిలిన సీసాకు సేకరించేవాళ్ల దగ్గర విలువ లేదు. మాకున్నది ఒక్క గోనెసంచి. అవ్వదైతే ముక్కయినా మోసుకుపోయేవాళ్లం. కాదని తేలినవన్నీ మళ్లీ బొందలోకే పోయాయి. ఇంకాసేపటికి ఇంకో కౌసల్య వచ్చింది. ఆ తర్వాత మరొకటి. "మళ్ల కౌసల్యనే!" అంటూ నరేష్ వెనక్కి విసరబోతుంటే, ఆ ఒక్కదాన్ని నేను అతని చేతిలోంచి లాక్కున్నాను. ఎంత బాగుందో అది. నీటిరంగు ఆకుపచ్చ. గాజులో అడుగున చిన్న గాలిబుడగ చిక్కుకుని ఉంది. ఎన్నేళ్ల కిందటి గాలో అది!

"మూతి పోయింది గదా, దేనికి పనికొస్తది?" అన్నాడు.

"మనీప్లాంట్ పెట్టుకుంట."

"ఇంట్ల ఉన్నయి చాలవా?"

"ఇది నేను తవ్వింది," అన్నాను. తవ్వింది తనే, కానీ కొత్త పెళ్లికొడుకు కదా, ఊరుకున్నాడు.

ఎండ దిగేవేళకు పార కింద ఎర్రటి మొరం తగిలింది. దిబ్బ అయిపోయింది. మామయ్య మట్టికుప్ప మీద కూలబడి కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"ఇగ లేదురా. నిర్మల లేదు, గిర్మల లేదు." కండువా దులుపుతూ, "నవ్వులకు అనేటోన్ని గని, ఉండాలనే మనసుల ఉండెరా నాకు," అన్నారు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నరేష్‌ను నెమ్మదిగా అడిగాను. "ఒకవేళ తాత ఊరికే అన్నాడేమో?"

"గట్లనే ఉన్నది. ముద్దుగ అనుంటడు. ఆమెకు చదువు రాదు గదా."

"అవ్వకు ఏమని చెప్తవ్?"

ఆయన గోళ్లలో మట్టి తీసుకున్నాడు. "మొగోళ్లు అంటుంటరు స్నిగ్ధా, గిట్లాంటివి. నేను చెప్పలేదా?"

"నువ్వేం చెప్పినవ్?"

"నీ టమాటపప్పు మస్తుంటదని."

దోసిట్లో ఉన్న నీళ్లన్నీ ఆయన ముఖాన కొట్టాను. ఇద్దరం నవ్వాం గానీ, నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక మాట నమ్మి ఒక ఆడమనిషి ముసలిదయింది. దాన్ని మేమే గడ్డపార పట్టుకుని తవ్వి మరీ అబద్ధమని తేల్చి వెళ్తున్నాం. బొంద ఎవరూ తీయకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ గడప పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఆమె మా ముఖాలు చూసింది, పెద్దగా బరువు లేని గోనెసంచి చూసింది, "కాళ్లు కడుక్కోండ్రి, అన్నం తిందురు" అంది.

"అమ్మా, మస్తు తవ్వినమే," అన్నారు మామయ్య ఎటో చూస్తూ. "దొరకలే. రైళ్లల్ల పోయినట్టున్నయి అన్ని."

"పోనియ్యి కొడుకా."

అంతే అంది. ఎప్పటిలా ఎవరైనా హాస్యమాడితే బాగుండుననిపించింది. అత్తమ్మ పళ్లేలు పెడుతున్నారు.

ఏం చేయాలో తోచక నేను వాకిట్లో కుళాయి కింద నా సీసా కడగడం మొదలుపెట్టాను. లోపలి మట్టి కరిగి బయటికి వచ్చాక అది ఇంకా అందంగా కనబడింది. అత్తమ్మ కుండీలోంచి మనీప్లాంట్ తీగ ఒకటి తుంచి పెట్టాను. పగిలిన అంచు అవ్వ కాలికి తగలకుండా పైన గోడ మీద పెట్టబోతుంటే ఆమె పిలిచింది.

"గదేంది చేతుల?"

"సీసా అవ్వా. మనది కాదు, వేరేవాళ్లది. నాకు నచ్చి తెచ్చుకున్నా. పైలం, మూతి పలిగింది."

"ఇటియ్యి."

తీగ తీసేసి ఇచ్చాను. ఒడిలో పెట్టుకుంది. కంటిచూపు మందగించిందేమో, చేత్తోనే చూసింది. బొటనవేలు సీసా ఒంటిమీద పాకి, అక్షరాల దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ మొదటి అక్షరం మీది నుంచి నడిచింది. మెల్లగా, ఆనవాలు పడుతున్నట్టు.

"ఏమని ఉన్నది బిడ్డా?"

"కౌసల్య సోడా."

"మళ్ల సదువు."

"కౌసల్య... సోడా."

"ఇంకోసారి."

అప్పుడు చూశాను. ఆమె ముఖంలో వయసంతా ఒక పక్కకు జరిగినట్టయింది. ఏడవలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త కోడలు నవ్వినట్టు నవ్వింది.

"ఎవరు అవ్వా ఈ కౌసల్య?"

"నన్నే పట్టుకోని నేనెవరినని అడుగుతవేందే పిల్లా!"

అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్లిన మామయ్య అక్కడే ఆగిపోయారు. "నీ పేరు నిర్మలమ్మ గదనే?"

"అది మీ నాయినమ్మ తాతలు పెట్టిన పేరు. మా అమ్మగారింట్ల నేను కౌసల్యనే. పెండ్లప్పుడు పేరుబలం చూసిన్రు. ఇద్దరి పేర్లు కలుస్తలేవు, ఈ పేరుతోని వస్తే ఇంటికి మంచిది కాదన్నడు పంతులు. 'న' అచ్చరం మీద పెట్టుమన్నడు. పెండ్లి పీటల మీదికెల్లి లేచేసరికి నేను నిర్మలనైన. ఇగ కౌసల్య అని ఎవ్వలు పిలువద్దని మా మామ గట్టిగ చెప్పిండు."

"అమ్మా, ఇన్నేండ్లల్ల ఎన్నడు చెప్పకపోతివి," అన్నారు మామయ్య. ఆయన గొంతులో అనుమానం ఇంకా పోలేదు. "మేం సీస దొరకలేదంటే, దొరికినదాని పేరు నీదంటున్నవా ఏంది?"

"బాపూ!" అన్నాడు నరేష్.

"నీకు నమ్మకం లేకపోతే మీ మేనమామనడుగు," అంది అవ్వ. సీసా మాత్రం ఒడిలోంచి తీయలేదు.

మారయ్య తాత అవ్వకు తమ్ముడు. మోటకొండూరులో ఉంటాడు. చెవులు సరిగా వినబడవు. అక్కను ఎప్పుడూ అక్కా అనే పిలవడమే మేం విన్నాం. మామయ్య ఎడమచేత్తో ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"మామా, నేను లింగస్వామిని! మా అమ్మ పేరేంది?"

"ఆ? మీ అమ్మకు ఏమైందిరా? దవాఖానకు తీసుకపోయిన్రా?"

"ఏం కాలే! మంచిగున్నది! పేరు, పేరు! చిన్నప్పుడు ఏం పేరు?"

"తాగినవారా నువ్వు?"

"లేదు మామా, జర చెప్పు!"

"కౌసల్య గదరా! కౌసల్యక్క! మీ నాయినోళ్లు మార్చిన్రు. మా అమ్మ ఎంత ఏడ్చిందో. దాని పేరు ఎత్తుకపోయిన్రు దొంగలు, అని. ఎందుకడుగుతున్నవురా గిప్పుడు?"

ఫోన్లో మారయ్య తాత అలో అలో అంటూనే ఉన్నాడు. అత్తమ్మే ఫోన్ అందుకుని, తర్వాత చేస్తామని చెప్పి పెట్టేశారు.

"తాత మరి కౌసల్య అని ఎట్ల పోయించిండు అవ్వా? ఇంట్లో ఊరుకున్నారా?" నేను ఆమె కాళ్ల దగ్గరికి జరిగాను. కథ మొత్తం వినకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

"మా మామకు సదువెక్కడిది? దేవుని తల్లి పేరు, రామునమ్మ పేరు పెట్టిన అని ఆయనకు చెప్పిండు. మంచి పని చేసినవ్ కొడుకా అన్నడు మా మామ." అవ్వ మళ్లీ చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆ మాపటికి కార్ఖానకు సద్ది తీసుకపోతే నన్ను లోపలికి పిలిచి, ఏలు పట్టి చూపిచ్చిండు. ఇంట్ల పిలువనియ్యకపోతే ఏమాయె, రైలు రైలంత నీ పేరు సదువుకుంట పోతది, అన్నడు. బండొచ్చినప్పుడల్లా పిలగాండ్లు 'కౌసల్య సోడా, కౌసల్య సోడా' అని ఒర్రుతుంటే, నేను షెడ్డు ఎనక నిలబడి ఇనేదాన్ని. నా పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉండేది."

"గా ముచ్చట మాకెందుకు చెప్పలే అమ్మా?" మామయ్య పళ్లెం పక్కకు జరిపారు.

"సీస మీద నా పేరున్నదంటేనే పడి పడి నవ్వితిరి. ఏ పేరు అని ఎవ్వలన్న అడిగిన్రా?"

నేనూ అడగలేదు. అబద్ధమాడరు అవ్వా అని ధైర్యం చెప్పానే గానీ, ఏమని రాసి ఉంది అని అడగాలని నాకూ తోచలేదు.

అత్తమ్మ వచ్చి అవ్వ పక్కన కూర్చున్నారు. సీసా మీద చెయ్యి వేసి, కోడలిగా వచ్చినప్పటి నుంచీ తను అత్తా అని మాత్రమే పిలిచిన మనిషిని చూస్తూ, "కౌసల్యత్తా," అని మెల్లగా అన్నారు, రుచి చూసినట్టు. అవ్వ ఆమె భుజం మీద ఒక్కటి వేసింది. "సిగ్గయితదే!"

నరేష్ ఒక్కసారిగా లేచాడు.

"బాపూ, ఎన్ని పారేసినం మనం?"

నాకూ అప్పుడే తట్టింది. ఒకటి కాదు. కౌసల్య, మళ్లా కౌసల్య అంటూ తీసినవాటిని తీసినట్టే విసిరేశాం. కొన్నింటి మీద పైమట్టి కూడా తోశాం. సోమవారం పొద్దున కాంక్రీటు పడుతుంది.

"అయ్యో, నేనే పారెయ్యమంటిని గదరా," అన్నారు మామయ్య.

అవ్వ సీసాను చీర చెంగులో చుట్టుకుంటూ, "ఇదొక్కటి చాలు కొడుకా. ఇంకెన్ని కావాలె నాకు?" అంది.

"నీకు చాలు. నాకు చాలదు." మామయ్య చెయ్యి కడుక్కుని అప్పటికప్పుడే డేవిడ్ మేస్త్రికి ఫోన్ కలిపారు. "మేస్త్రీ, రేపు మల్లొస్తున్నం. గేటు తాళం ఎవలకిస్తవు? ... ఆ, సీసలే. దొరికినయి. దొరికినా పారేసినం. అదంత రేపు చెప్త... చర్చికాడికెల్లి అటే రా, మీ ఇంటామెను కూడ తీసుకరా."

ఫోన్ జేబులో పెట్టుకుని, పెళ్లి పనులు పంచుతున్న పెద్దలా మా అందరి వైపు తిరిగారు.

"రేపు పొద్దు పొడవకముందే అందరం పోతున్నం. నరేషూ, గడ్డపారలు బండిలెయ్యి. స్వరూపా, పులిహోర కలుపు, మాపటిదాక అక్కడ్నే. ఆటో నేను మాట్లాడుత. అమ్మా, నువ్వు కుర్చీల కూసోని చూడు, కాలు కింద పెట్టకు. బిడ్డా స్నిగ్ధా, నీకు వేరే పనేం లేదు. ఒక్కొక్క సీస బయటికి తియ్యంగనే దాని మీద ఏమున్నదో గట్టిగ సదువు. మా అమ్మకు ఇనవడాలె."